డివిజన్‌కు ఒక్కరా, నలుగురా, ముగ్గురా: బస్తీకి ఏది మేలు?

నగర కార్పొరేషన్ డివిజన్ల పునర్విభజన ముసాయిదా రాగానే గొడవంతా హద్దుల మీదే జరుగుతుంది. ఆ హద్దుకు ఎంత బలముందో తేల్చేది మాత్రం లోపల ఎన్ని సీట్లున్నాయి, ఓట్లెలా లెక్కిస్తారు అన్నదే. పక్కపక్క బస్తీల్లో 12,000 ఓట్లు, చుట్టుపక్కల కాలనీల్లో 28,000 ఉన్నాయనుకుందాం.

హైదరాబాద్‌లో డివిజన్‌కు ఒక్కరే కార్పొరేటర్. ఆ 40,000 ఓట్లను నాలుగు డివిజన్లు చేస్తే, బస్తీలు ఒకచోట పడితే కనీసం ఒక సీటు వాళ్లదే. నాలుగింటికీ 3,000 చొప్పున పంచేస్తే ఒక్కటీ రాదు. రెండో దెబ్బ కనిపించదు: ఎస్సీ జనాభా శాతం ఎక్కువున్న డివిజన్ల నుంచి వరసగా రిజర్వు చేస్తారు కాబట్టి, ఎస్సీలు ఎక్కువున్న బస్తీ చీలితే దాని డివిజన్ ఆ వరసలో కిందికి జారి రిజర్వేషనే పోగొట్టుకోవచ్చు. పైగా లెక్క 2011 జనగణనది. కొండాపూర్ వైపు ఆ తర్వాత లేచిన అపార్ట్‌మెంట్లు అందులో ఉండవు. అయినా మోరీ పొంగితే ఎవరి గడప తొక్కాలో అందరికీ తెలుసు. అది తక్కువ లాభమేమీ కాదు.

పుణెలో 2017లో 162 సీట్లను 41 ప్రభాగ్‌లలో (అక్కడి వార్డులు) సర్దారు, చాలావాటిలో నలుగురేసి. ఓటరు సీటుకొకటి చొప్పున నాలుగు ఓట్లేస్తాడు. బస్తీ చీలదు, నిజమే. కానీ ఆ 28,000 మంది ఒకే పార్టీకి గుద్దితే నాలుగూ ఊడ్చుకుపోతాయి. వీధిదీపం సంగతి అడిగితే నలుగురూ ఒకరి మీదొకరు తోసుకోవచ్చు. మూడింటిలో ఇదే అధ్వానం.

అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 2024 నుంచి నాలుగు జిల్లాలు, ఒక్కోదానికి ముగ్గురు సభ్యులు. ఓటు ఒక్కటే, అందులోనే ఇష్టమైన వరసలో ఆరుగురి దాకా ర్యాంకులివ్వచ్చు. పావు వంతుకు ఒక్క ఓటు మించితే గెలుపే. 40,000కు 10,001 చాలు, కాబట్టి మన 12,000 ఎక్కడ చెదిరి ఉన్నా, జిల్లా లోపలుండి ఒకే అభ్యర్థికి మొదటి ర్యాంకు ఇస్తే ఒక సీటు దక్కుతుంది. చిక్కేమిటంటే అభ్యర్థుల జాబితా చాంతాడంత, జిల్లాకు లక్షన్నర పైచిలుకు జనం.

చెదిరిన బస్తీలకు పోర్ట్‌లాండ్ పద్ధతే మేలు. హైదరాబాద్‌లో అది లేదు గనక గీత మీదే పోరాడాలి. ‘మా బస్తీని చీల్చారు’ అని రాసిస్తే అభ్యంతరం నిలవదు. ఏ నాలా, ఏ రోడ్డు దగ్గర గీత తప్పిందో, ఏ ఇంటి నంబర్ల నుంచి ఏ నంబర్ల దాకా కలపాలో, కలిపితే రెండు డివిజన్ల జనాభా ఎంతవుతుందో రాయాలి.