చనిపోయాక చిగురించిన ప్రేమ: రెండు చిత్రాలలో ఏది మేలు?

ఆల్బర్ట్ బ్రూక్స్ రాసి, తీసి, తానే నాయకుడిగా నటించిన ‘డిఫెండింగ్ యువర్ లైఫ్’ 1991లో విడుదలైంది. క్రొయేషియాకు చెందిన గోరాన్ దుకిచ్ తీసిన ‘రిస్ట్‌కటర్స్: ఎ లవ్ స్టోరీ’ 2006లో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో తొలిసారి ప్రదర్శితమైంది. రెండూ చనిపోయినవారి ప్రేమకథలే, రెండూ నవ్విస్తాయి. అయినా నా ఓటు రెండవదానికే.

బ్రూక్స్ చూపిన పరలోకం మనకు వెంటనే అర్థమవుతుంది. 1977 నాటి ‘యమగోల’ మొదలుకొని యమసభనూ, చిత్రగుప్తుని చిట్టాలనూ నవ్వుతూ చూసినవాళ్లం కదా! ఇక్కడ కూడా విచారణ ఉంది, వాదించే న్యాయవాదులున్నారు; తూకం వేసేది మాత్రం పాపపుణ్యాలను కాదు, బతికినన్నాళ్లూ మనిషి భయాన్ని ఎంత జయించాడన్న సంగతిని. కథానాయకుడు డేనియల్ జీవితంలోంచి తొమ్మిది రోజులను తెరమీద వేసి ప్రశ్నిస్తారు. విచారణ జరిగే ఊరిలోనే అతనికి పరిచయమైన జూలియాకు (మెరిల్ స్ట్రీప్) నాలుగు రోజులే చాలాయి. ఎంత తిన్నా ఒళ్లు పెరగని ఆ శుభ్రమైన నగరంలో వారి ప్రేమ హాయిగా సాగుతుంది.

దుకిచ్ లోకంలో ఆ హాయి లేదు. ఇజ్రాయెలీ రచయిత ఎట్గార్ కెరెట్ నవలిక ఆధారంగా తీసిన ఈ చిత్రంలో, బలవన్మరణం పాలైనవారంతా ఒకే చోటికి చేరుకుంటారు. అది నరకం కాదు. విడిచి వచ్చిన లోకమే, కాకపోతే మరికొంత వెలిసిపోయినది. ఆకాశంలో నక్షత్రాలు ఉండవు, ఎవరికీ చిరునవ్వు రాదు. చావుతో బాధ తీరుతుందన్న భ్రమను ఉపన్యాసం లేకుండా తుడిచివేసిన ఈ ఊహే చిత్రానికి ప్రాణమని నేను నమ్ముతాను. పిజ్జా దుకాణంలో పనిచేసే జియా, తన పాత ప్రియురాలు డెజిరే కూడా అక్కడికే వచ్చిందని విని, స్నేహితుడు యూజీన్ డొక్కు కారులో వెతుకుతూ బయలుదేరుతాడు. పొరపాటున తనను ఇక్కడికి పంపారని, అధికారులను కలిసి తిరిగి వెళ్లిపోవాలని పట్టుపట్టే మికాల్ దారిలో వారితో చేరుతుంది. ముందు సీటు కింద ఉన్న కృష్ణబిలం, జారిపడిన ప్రతి వస్తువునూ మింగేస్తుంటుంది.

నవ్వలేని లోకంలో ప్రేమను చూపడం నటులకు ఎంత కష్టమో ఆలోచించండి. ప్యాట్రిక్ ఫ్యుజిట్, షానిన్ సోసామన్ ఆ పనిని చూపులతోనూ, మాటల మధ్య మౌనంతోనూ చేశారు. టామ్ వెయిట్స్ పోషించిన నెల్లర్ శిబిరంలో చిన్నచిన్న అద్భుతాలు జరుగుతుంటాయి, కానీ వాటికోసం ఆరాటపడనివారికే. జియా ప్రేమకు కూడా అదే సూత్రం వర్తిస్తుంది: వెతికినది డెజిరేను, దొరికినది మికాల్. బ్రూక్స్ చిత్రంలో మాత్రం ప్రేమ చివరకు ధైర్యానికి పెట్టిన పరీక్షగా మారుతుంది. ఆ ముగింపు ఎంత ఉద్వేగంగా ఉన్నా, తీర్పు చెప్పడానికి ప్రేమను సాక్షిగా పిలిచినట్టు అనిపిస్తుంది.

‘రిస్ట్‌కటర్స్’లోనూ లోపాలున్నాయి. విల్ ఆర్నెట్ మెస్సయ్యగా (రక్షకుడిగా) కనిపించే ఘట్టం కథలో సరిగా ఇమడలేదు. ఆత్మీయులను ఇటీవల బలవన్మరణం వల్ల పోగొట్టుకున్నవారు దీనిని ఇప్పుడే చూడవద్దని, బ్రూక్స్ చిత్రాన్నే ఎంచుకోవాలని మనస్ఫూర్తిగా కోరుతున్నాను. మిగిలినవారు ‘రిస్ట్‌కటర్స్’ను చివరి దృశ్యం దాకా చూడాలి, గంటన్నరగా ఏ ముఖంమీదా కనిపించని చిరునవ్వు కోసం మనమెంతగా ఎదురుచూశామో అప్పుడే తెలుస్తుంది.