భూమితో పోల్చి చూడాల్సింది అంగారకుడినా, శుక్రుడినా?

సైజు చూస్తే శుక్రుడే దగ్గర. భూమి వ్యాసం 12,742 కిలోమీటర్లయితే శుక్రుడిది 12,104. అంగారకుడిది సగానికి కాస్త ఎక్కువ, 6,779. కానీ సమాచారం ఎక్కువగా దొరికింది మాత్రం అంగారకుడి దగ్గరే.

విశాఖవాళ్లకు అంగారకుడనగానే భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు గుర్తొస్తాయి. రెండు చోట్లా ఎరుపుకు కారణం ఐరన్ ఆక్సైడే. అయినా రంగు కలిసిందని చుట్టరికం కలపకూడదు. ఎలా ఏర్పడిందన్నదే శాస్త్రవేత్తలకు ముఖ్యం. 2012లో నాసా క్యూరియాసిటీ రోవర్‌కు అక్కడి గేల్ బిలంలో నున్నగా అరిగిన గులకరాళ్లు కనిపించాయి. అంత పెద్ద రాళ్లను గాలి దొర్లించలేదు, కాబట్టి అక్కడ ఒకప్పుడు నీరు పారిందని తేల్చారు. మన నదుల్లో రాళ్లు ఎలా అరుగుతాయో తెలుసు కాబట్టే ఆ మాట అనగలిగారు. ఇక అంగారకుడి మీద దిగిన నాసా ల్యాండర్ ఇన్‌సైట్ 2018 నుంచి 2022 వరకు 1,300కు పైగా ప్రకంపనలు పట్టుకుంది. వాటితో అంగారకుడి కోర్, అంటే నడిమి భాగం, ఎంత ఉందో లెక్క తేలింది.

శుక్రుడి మీద ఇదంతా కుదరదు. 465 డిగ్రీల వేడి, మన గాలి కంటే 90 రెట్ల ఒత్తిడి. 1982లో దిగిన సోవియట్ నౌక వెనెరా 13 అక్కడ 127 నిమిషాలు నిలవడమే గొప్ప. మేఘాలు కమ్మేసి ఉంటాయి కాబట్టి పైనుంచి రాడార్‌తోనే చూడాలి. 1990ల్లో నాసా నౌక మెజెల్లాన్ అలాగే 98 శాతం నేలను మ్యాప్ చేసింది. 1991 నాటి ఆ చిత్రాలనే మళ్లీ వెతికితే, ఒక అగ్నిపర్వత బిలం ఎనిమిది నెలల్లో ఆకారం మారి పెద్దదైనట్టు 2023లో బయటపడింది.

సాక్ష్యాలే కావాలంటే అంగారకుడే మేలు. అయినా నా ఓటు శుక్రుడికే. ఎందుకో చెప్పాలంటే మన విశాఖ కొండల్లోని ఖొండలైట్ రాయి చూడాలి. కొండ కోసిన చోట దగ్గరగా చూస్తే అందులో ఎర్రటి గార్నెట్ గింజలు కనిపిస్తాయి. ఒకప్పుడది నీళ్ల అడుగున పేరుకున్న బురద, ఇసుక. సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట భూఖండాలు ఢీకొన్నప్పుడు కిలోమీటర్ల లోతుకు దిగి, ఆ వేడికి మారిపోయి, మళ్లీ పైకొచ్చింది. ఇదంతా ఫలకాల, అంటే భూమి పైపొరలోని పెద్ద పలకల, కదలిక చేసిన పని. అంగారకుడు చిన్నవాడు, తొందరగా చల్లారాడు. అక్కడ ఫలకాలు కదలకపోతే ఆశ్చర్యం లేదు. దాదాపు భూమి అంతే ఉండి, లోపల ఇంకా వేడి ఉన్న శుక్రుడి మీద ఎందుకు కదలడం లేదు? నీరు ఆవిరైపోవడమే కారణమని కొందరి వాదన. అది నిజమో కాదో అంగారకుడిని ఎంత తవ్వినా తేలదు.

ఇస్రో శుక్రయానానికి 2024 సెప్టెంబర్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదం దొరికింది. 2028 మార్చిలో ప్రయోగించాలన్నది లక్ష్యం. ఆంధ్రా యూనివర్సిటీలో జియాలజీ చదివే పిల్లలు ఇప్పటి నుంచే రాడార్ చిత్రాలు చదవడం నేర్చుకోవాలి. వాటిలో గరుకు నేల తెల్లగా, నున్నటి నేల నల్లగా కనిపిస్తుంది. కొత్త లావాకూ పాత లావాకూ తేడా పట్టడం అక్కడే మొదలవుతుంది.