బ్రిటన్ రైళ్లలో ఆఫ్‌పీక్ రిటర్న్ టికెట్టు: వెసులుబాటు గొప్పది, తిరుగు సగం జాగ్రత్త

బ్రిటన్‌లో చదువుకునే మన పిల్లలకూ, వారిని చూడటానికి వెళ్లే తల్లిదండ్రులకూ, దూరప్రయాణానికి నేను ముందుగా సూచించేది ఆఫ్‌పీక్ రిటర్న్ టికెట్టునే, అంటే రద్దీ లేని వేళల్లో వెళ్లి రావటానికి ఇచ్చే టికెట్టును. వెళ్లే ప్రయాణం టికెట్టు మీద ఉన్న తేదీన చేయాలి. తిరుగు ప్రయాణానికి మాత్రం నెల రోజుల గడువు ఉంటుంది. రద్దీ వేళలు తప్పిస్తే ఫలానా రైలే ఎక్కాలన్న నిర్బంధం లేదు. ప్రత్యేకమైన ఆంక్ష ఏదీ లేకపోతే దారిలో దిగి, ఊరు చూసుకుని, అదే టికెట్టుతో మళ్లీ ముందుకు సాగవచ్చు. ముందుగా కొని, ఎంచుకున్న రైలుకే పరిమితమయ్యే అడ్వాన్స్ టికెట్టు ఇంతకంటే చవకగా దొరికినా, దానికి ఈ స్వేచ్ఛ ఉండదు.

ధర దగ్గర మాత్రం ఒక వింత ఉంది. చాలా మార్గాల్లో ఆఫ్‌పీక్ సింగిల్‌కూ (ఒకవైపు టికెట్టుకూ) రిటర్న్‌కూ తేడా ఒక్క పౌండే కావటంతో, తిరిగి వచ్చే ఉద్దేశం లేనివారు కూడా రిటర్నే కొంటారు. వెళ్లటానికి వాడుకుని, తిరుగు సగాన్ని వాపసు చేయాలనుకుంటే, కట్టిన మొత్తంలోంచి సింగిల్ ధరను మినహాయించి లెక్క కడతారు కాబట్టి చేతికి దాదాపు ఏమీ రాదు. రైల్వే దృష్టిలో విలువ లేని ఆ సగం, అదే దారిలో వెళ్లాల్సిన స్నేహితుడికి మాత్రం పూర్తి ప్రయాణంతో సమానం. ‘ఎలాగూ వృథాగా పోతోంది, తీసుకో’ అని ఇచ్చేయటం సహాయంలాగే కనిపిస్తుంది, కానీ ఒకరు ప్రయాణం మొదలుపెట్టిన టికెట్టును మరొకరు వాడటానికి అక్కడి నిబంధనలు ఒప్పుకోవు. ఈ నియమం మనకూ కొత్తది కాదు: భారత రైల్వే చట్టం, 1989లోని 142వ సెక్షన్ రిటర్న్ టికెట్టులో సగాన్ని అమ్మటాన్నే కాక, మరొకరి ప్రయాణం కోసం ఊరికే ఇవ్వటాన్ని కూడా నేరంగానే చూస్తుంది.

రెండో ప్రలోభం ఇంకా సులువైనది. చిన్న స్టేషన్లలో చాలా చోట్ల టికెట్టు చూసే గేట్లు ఉండవు, రైల్లో తనిఖీకి ఎవరూ రాకపోవచ్చు. అప్పుడు కాగితం టికెట్టు మీద, వాడినట్టు గుర్తుగా తనిఖీ సిబ్బంది గీసే పెన్ను గీత కూడా పడకుండా తిరుగు ప్రయాణం పూర్తవుతుంది, గడువు ఇంకా మిగిలే ఉంటుంది. దానితో మరోసారి ఎక్కటమైనా, వాడలేదని చెప్పి వాపసు కోరటమైనా మోసమేనని నేను నిస్సందేహంగా చెబుతాను. గీత లేనంత మాత్రాన చేసిన ప్రయాణం చేయనిదైపోదు. అలాంటి టికెట్టును ఇంటికి రాగానే చింపేయటం మంచి అలవాటు.

పట్టుబడితే ఏమవుతుందో విద్యార్థులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ఇంగ్లండులో చెల్లే టికెట్టు లేనివారిపై వేసే పెనాల్టీ ఫేర్ 2023 జనవరి 23 నుంచి 100 పౌండ్లు, దానిపైన సింగిల్ ఛార్జీ. 21 రోజుల్లో కడితే 100 కాస్తా 50 అవుతుంది. ఇది నేరశిక్ష కాదు. ఉద్దేశపూర్వకంగా ఛార్జీ ఎగ్గొట్టారని తేలితే మాత్రం 1889 నాటి రైల్వేల నియంత్రణ చట్టం కింద కోర్టుకు వెళ్లవలసి రావచ్చు, శిక్ష పడితే ఆ సంగతి వీసా దరఖాస్తులో చెప్పవలసి ఉంటుంది.

ఇంత కచ్చితంగా నిజాయితీ కోరే వ్యవస్థ, నిబంధనలను కూడా అంతే స్పష్టంగా చెప్పాలి. ఏయే వేళల్లో టికెట్టు చెల్లదో దాని మీద నేరుగా ముద్రించకుండా, ఒక చిన్న కోడ్ ఇచ్చి వెబ్‌సైట్లో వెతుక్కోమనటం, ముఖ్యంగా కొత్తగా వచ్చిన పెద్దవాళ్లకు అన్యాయం. రద్దీ వేళ తెలియక ఎక్కినవారినీ కావాలని ఎగ్గొట్టినవారినీ ఒకే గాటన కట్టకూడదు.

లండన్ నుంచి ఎడిన్‌బరో వైపు రైళ్లు నడిపే ఎల్‌ఎన్‌ఈఆర్ సంస్థ 2023 జూన్‌లో తన మార్గాల్లో చాలావరకు రిటర్న్ టికెట్లను తీసేసి, సింగిల్ ధరను పాత రిటర్న్‌లో దాదాపు సగానికి తెచ్చింది. చేతిలో మిగిలిపోయే సగమే ఉండదు కాబట్టి ఆ పద్ధతి నాకు నచ్చింది. ఆ తర్వాత కొన్ని మార్గాల్లో ఆఫ్‌పీక్ టికెట్టునే తొలగించి, ఎంచుకున్న రైలుకు 70 నిమిషాలు అటూ ఇటూ మాత్రమే వెసులుబాటు ఇవ్వటం మాత్రం నచ్చలేదు. తిరుగు ప్రయాణం తేదీ ముందే చెప్పలేనివారికి పాత రిటర్నే ఇప్పటికీ మేలు.