పాలకు లేచిన రాత్రుల్లో వేసిన నీటిరంగులు

రాజమండ్రిలో నడుస్తున్న ఈ చిత్రప్రదర్శనకు వెళ్లేవాళ్లు ముందు గదిలోని పెద్ద కాన్వాసుల దగ్గర ఆగిపోకండి. నేరుగా లోపలి గదిలోకి వెళ్లండి. కోనసీమకు చెందిన ఈ చిత్రకారిణి కాన్పయిన తొలి నెలల్లో వేసిన చిన్న నీటిరంగు బొమ్మలు అక్కడున్నాయి. ప్రదర్శనకు ప్రాణం అవే.

ఆమె అంతకుముందు వేసినవన్నీ తైలవర్ణాలు. ఆ రంగుల్ని పలచన చేసే టర్పెంటైన్ నూనె పసిబిడ్డ పడుకునే గదిలో పనికిరాదని నీటిరంగులకు మారారు. నీటిరంగులో పూత తడి ఆరేలోగా అంచు కలిపెయ్యాలి. మధ్యలో వదిలేస్తే అంచు గీతలా నిలిచిపోతుంది. సగం ఆరిన చోట మళ్లీ తడి కుంచె ఆనితే నీరు రంగును పక్కకు నెట్టేసి, రంపపు పళ్ల అంచుతో మరక తేలుతుంది. గాలిలో తేమ ఎక్కువైన డెల్టాలో పూత చాలాసేపు సగం తడిగానే ఉంటుంది కాబట్టి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. ఎవరైనా అలాంటి కాగితం పక్కన పడేస్తారు. ఈవిడ దాచారు. బిడ్డ ఏడుపుకు కుంచె వదిలి లేచిన ప్రతిసారీ కాగితం మీద ఒక అంచు మిగిలింది. బాలింత రోజు ఎలా ముక్కలవుతుందో ఆ అంచులే చెబుతాయి.

చీర ఉయ్యాల బొమ్మ దగ్గర ఎక్కువసేపు నిలబడండి. అల్ట్రామెరీన్ అనే నీలం, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి గోధుమరంగు కలిపిన బూడిదరంగుతో మడతలు వేశారు. గరుకు కాగితం గుంటల్లో అల్ట్రామెరీన్ రేణువులు దిగి, పాత నేతచీర పోగులు కనిపిస్తాయి. ఫ్రెంచి చిత్రకారిణి బెర్త్ మోరిసో 1872లో వేసిన ఉయ్యాల చిత్రంలో తల్లి పక్కనే కూర్చుని బిడ్డను చూస్తూ ఉంటుంది. ఇక్కడ తల్లి ముఖమే లేదు, ఉయ్యాల తాడు పట్టుకున్న చెయ్యి ఒక్కటే ఉంది. ఆ చెయ్యి కూడా నిద్రలో జారిపోతోంది.

చెవుల్లో దూది, నడుంకట్టు, పాలు పడాలని పెట్టిన పాలసొర చేప పుట్టు, వానకు ఆరక వంటింట్లో తీగ మీద వేలాడే పొత్తిగుడ్డలు, అన్నీ ఉన్నాయి. సాంబ్రాణి పొగను రంగుతో వెయ్యలేదు, తడిపూత మీద దూదితో అద్ది రంగు లేపారు. ఆ నిర్ణయం ఎంతో బాగుంది.

మూడోనాటి బొమ్మలో పాలు దిగి రొమ్ములు బిగిసి, నీలి నరాలు తేలి ఉన్నాయి. తల్లి గోడవైపు తిరిగి ఏడుస్తోంది. ఇది వాస్తవం. కాన్పయిన మూడు నాలుగు రోజులకు ఊరికే ఏడుపు రావడం మామూలే, రెండు వారాల్లో తగ్గుతుంది. తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. ఆ బొమ్మ పక్కన నిర్వాహకులు ఈ మాటా, మానసిక ఆరోగ్య సహాయానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ ఫోన్ నంబరు 14416 కూడా రాసి పెడితే ఎవరో ఒకరికి పనికొస్తుంది.

పెద్ద కాన్వాసులు అందంగా ఉన్నాయి గానీ నమ్మకం కలిగించవు. పుట్టిననాటి దృశ్యంలో తెల్లటి పాలు ధారగా కారుతున్నాయి. ఆ రోజు వచ్చేది కొద్దికొద్దిగా పసుపుపచ్చటి ముర్రుపాలు. పురిటిస్నానం చిత్రంలో బిడ్డ మెడ నిలబెట్టి చూస్తోంది. మెడ నిలవడానికి మూడు నెలలైనా పడుతుంది. కాళ్లు చాపుకుని బిడ్డను వాటి మీద పడుకోబెట్టి నీళ్లు పోసే పెద్దామె భంగిమ మాత్రం కచ్చితంగా కుదిరింది.

ఏర్పాట్లలో లోపాలున్నాయి. చిన్న బొమ్మలను మరీ ఎత్తున తగిలించారు. బొమ్మ నడిమధ్య నేలకు దాదాపు 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటేనే మెడ నొప్పి లేకుండా చూడగలం. ఎదురుగా కిటికీ ఉన్నందున మధ్యాహ్నం అద్దాల్లో మన ముఖమే కనిపిస్తుంది, పొద్దున్నే వెళ్లడం మేలు. బాలింతల గురించిన ప్రదర్శనలో బిడ్డకు పాలిచ్చేందుకు తెరచాటున ఒక కుర్చీ కూడా లేకపోవడం బాధ కలిగించింది. ఈ రోజే వెయ్యగల కుర్చీ అది.

కొనదలచినవాళ్లు ఫ్రేము వెనక విప్పించి చూడండి. కొన్నింటిలో కాగితం నేరుగా అద్దానికి ఆనింది. మన తేమకు ఒక వానాకాలంలోనే బూజు పట్టి అద్దానికి అంటుకుపోవచ్చు. ఆమ్లం లేని మౌంటు బోర్డుతో రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం పెట్టించండి. బయటి గోడకు తగిలించకండి, చెమ్మ దిగుతుంది. ముదురు ఎరుపున్న బొమ్మలకు ఏ రంగు వాడారో చిత్రకారిణినే అడగండి. అది అసలైన అలిజరిన్ క్రిమ్సన్ రంగు అయితే వెలుతురుకు వెలిసిపోతుంది, దాన్ని ఎండ తగలని గదిలోనే ఉంచాలి.