యాయ్‌త్సే అవ్నోయ్ మ్యూజియం: టిటో కోసం కాదు, ఆ సభ కోసం చూడాలి

బోస్నియా హెర్జెగోవినా మధ్యభాగంలో, ప్లీవా నది జలపాతమై వ్ర్‌బాస్ నదిలోకి దూకే చోట యాయ్‌త్సే అనే చిన్న పట్టణం ఉంది. అక్కడికి వచ్చే పర్యాటకులలో చాలామంది జలపాతాన్నీ, కొండమీది మధ్యయుగపు కోటనూ చూసి వెళ్లిపోతారు. ఆ జలపాతం నుంచి నడిచి వెళ్లగలిగేంత దగ్గరలో ఉన్న ‘అవ్నోయ్ రెండవ సమావేశ మ్యూజియం’ గురించి ఈ సమీక్ష. (అవ్నోయ్ అంటే రెండవ ప్రపంచయుద్ధకాలంలో యుగోస్లావియాలో ఏర్పడిన ఫాసిస్టు వ్యతిరేక మండలి.) ఇరవయ్యో శతాబ్దపు యూరప్ చరిత్ర మీద కాస్తయినా ఆసక్తి ఉన్నవారు దీనిని తప్పక చూడాలని, ఆ చూడటానికి కనీసం రెండు గంటలు కేటాయించాలని నా అభిప్రాయం. అపురూపమైన వస్తువులను వరుసగా చూపించే పెద్ద మ్యూజియంలకు అలవాటు పడినవారికి ఇది చిన్నదిగా తోచవచ్చు. ఇక్కడ అసలైన ప్రదర్శన ఆ సభామందిరమే. 1943 నవంబరు 29 రాత్రి, జర్మన్ సైన్యం ఆక్రమించుకున్న యుగోస్లావియా (బోస్నియా అప్పుడు అందులో భాగం) నడిబొడ్డున, ఒక ప్రతిఘటనోద్యమం తనను తాను ప్రభుత్వంగా ప్రకటించుకున్నది ఈ గదిలోనే.

మన పాఠకులకు టిటో పేరు నెహ్రూతో కలిసి అలీనోద్యమాన్ని నిర్మించిన యుగోస్లావియా నాయకుడిగా పరిచయం. ఆ నాయకుడు ఏ హోదాతో ప్రపంచం ముందుకు వచ్చాడో, ఆ హోదాను ఇచ్చిందెవరో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1941 ఏప్రిల్ 6న జర్మనీ, దాని మిత్రదేశాలు యుగోస్లావియా రాజ్యం మీద దాడి చేశాయి. ఏప్రిల్ 17కల్లా సైన్యం లొంగిపోయింది. రెండవ పీటర్ రాజు, ఆయన మంత్రులు దేశం విడిచి వెళ్లి, చివరికి లండన్ చేరి అక్కడి నుంచి ప్రవాస ప్రభుత్వం నడిపారు. దేశాన్ని ఆక్రమణదారులు ముక్కలుగా పంచుకున్నారు. కమ్యూనిస్టుల నాయకత్వంలో పోరాటానికి దిగిన పార్టిజాన్లు తమ చేతికి చిక్కిన ప్రతి ప్రాంతంలోనూ ప్రజా విమోచన కమిటీలను ఏర్పాటు చేస్తూ వచ్చారు. తిండిగింజల సేకరణ నుంచి పాఠశాలల నిర్వహణ దాకా పాలన ఈ కమిటీల చేతుల్లోనే సాగింది కనుక, ఆ కమిటీలన్నిటికీ పైన ఒక దేశస్థాయి సభ ఉండాలన్న ఆలోచన సహజంగానే పుట్టింది.

ఆ ఆలోచన 1942 నవంబరు 26, 27 తేదీలలో బిహాచ్ పట్టణంలో రూపం దాల్చింది. యుగోస్లావియా ప్రజా విమోచన ఫాసిస్టు వ్యతిరేక మండలి అన్న పొడవైన పేరుకు వారి భాషలోని పొడి అక్షరాల కూర్పే ‘అవ్నోయ్’. అప్పుడే దీనిని ప్రభుత్వంగా ప్రకటించాలని టిటోకు ఉన్నా, మాస్కో అందుకు ఒప్పుకోలేదు; బ్రిటన్ గుర్తించిన రాజుగారి ప్రభుత్వానికి పోటీగా మరొక దానిని నిలబెడితే మిత్రపక్షాల మధ్య చిక్కులు వస్తాయన్నది స్టాలిన్ భయం. అందువల్ల బిహాచ్‌లో ఏర్పడినది రాజకీయ మండలి మాత్రమే. ఆ తరువాతి ఏడాది నెరెత్వా, సుత్యెస్కా నదుల దగ్గర జరిగిన ఘోరయుద్ధాలలో పార్టిజాన్లు తుడిచిపెట్టుకుపోయే స్థితి దాకా వెళ్లి బయటపడ్డారు. 1943 సెప్టెంబరులో ఇటలీ లొంగిపోయాక, దాని సైన్యం వదిలిన ఆయుధాలు పెద్దమొత్తంలో వారి చేతికి వచ్చాయి. యాయ్‌త్సే సమావేశం నాటికి వారు ఎవరి అనుమతీ అడగవలసిన స్థితిలో లేరు. రాజు విషయంలో ఏం నిర్ణయించబోతున్నారో ముందుగా స్టాలిన్‌కు చెప్పలేదు. తెలిసిన తరువాత ఆయన ఆగ్రహించాడు.

మ్యూజియం ఉన్న భవనం యుద్ధానికి ముందు సోకోల్ అనే వ్యాయామ సంఘం కట్టుకున్న మందిరం. సభ జరిగిన పదేళ్లకు, 1953లో, దీనిని మ్యూజియంగా మార్చారు. లోపలికి అడుగుపెడితే వరుసలుగా ఆసనాలు, ఎదురుగా వేదిక, జెండాలు, నినాదాలు, బంగారు రంగు పూసిన పెద్ద టిటో ప్రతిమ కనిపిస్తాయి. హాలు ఊహించినదానికన్నా చిన్నది. ఈ చిన్నతనమే నన్ను ఎక్కువగా కదిలించింది. సాధారణంగా ఉదహరించే లెక్క ప్రకారం 142 మంది ప్రతినిధులు ఆ రాత్రి ఇక్కడ కూర్చున్నారు. అతిథులు, కాపలాదారులు అదనం. విమానదాడుల భయంతో సభను సాయంత్రం ఏడు గంటలకు మొదలుపెట్టి తెల్లవారుజాము దాకా నడిపారు. వెనుక వరుసలో నిలబడి వేదికకేసి చూస్తే, ఇంతమంది నాయకులను ఒకే కప్పు కిందకు చేర్చడం ఎంతటి సాహసమో ఏ వివరణ ఫలకమూ అవసరం లేకుండానే అర్థమవుతుంది.

ఆ 142 మంది ఇక్కడికి చేరిన తీరు విడిగా చెప్పుకోదగినది. స్లొవేనియా ప్రతినిధులు ఆక్రమిత ప్రాంతాల గుండా, శత్రువు కాపలా కాస్తున్న దారులూ రైలుపట్టాలూ దాటుకుంటూ వారాల తరబడి కాలినడకన వచ్చారు. వారి వెనుక ఒక ఎన్నిక కూడా ఉంది: అక్టోబరు 1 నుంచి 3 వరకు కొచెవ్యే పట్టణంలో, 572 మంది ఎన్నికైన ప్రతినిధులతో జరిగిన సభ వారిని ఎంపిక చేసింది. బోస్నియా ప్రతినిధులకు నాలుగు రోజుల ముందు, నవంబరు 25న, దగ్గరలోనే ఉన్న మ్ర్‌కోన్యిచ్ గ్రాద్‌లో సొంత మండలి ఏర్పడింది. బోస్నియా సెర్బులదీ, క్రొయాట్లదీ, ముస్లింలదీ అని, అందరూ సమానమని ప్రకటించింది ఆ సభే. సెర్బియాకైతే ఇంకా అలాంటి ప్రాంతీయ మండలి లేనే లేదు. మాసిడోనియా ప్రతినిధులు సమయానికి రాలేకపోయారు. అయినా కొత్త సమాఖ్యలో మాసిడోనియా సమాన భాగస్వామి అని సభ తీర్మానించింది. ‘మిమ్మల్ని ఎవరు ఎన్నుకున్నారు?’ అన్న ప్రశ్నకు ఈ సభ ఇవ్వగల జవాబు అందుచేత ఒక్కో ప్రాంతానికి ఒక్కో విధంగా ఉంటుంది. యుద్ధం మధ్యలో ఇంతకన్నా మెరుగ్గా చేయడం సాధ్యమయ్యేదని నేను అనుకోను.

ఈ మందిరంలో నేను అందరికన్నా ఎక్కువగా తలచుకున్నది అధ్యక్షస్థానంలో కూర్చున్న డాక్టర్ ఇవాన్ రిబార్‌ను. పాత రాజ్యపు తొలి రాజ్యాంగసభకు 1920లో అధ్యక్షుడైన న్యాయవాది ఆయన. కొత్త సభకు అలాంటి మనిషి అధ్యక్షుడు కావడం, పాత పార్లమెంటుకూ దీనికీ మధ్య ఒక వారసత్వపు దారం ఉందని చెప్పడానికి పార్టిజాన్లకు ఎంతో అవసరం. ఆయన చిన్నకొడుకు, చిత్రకారుడు యూరిత్సా, ఆ ఏడాది అక్టోబరులో పోరాటంలో మరణించాడు. పెద్దకొడుకు ఇవో లోలా, యువజన నాయకుడు, మిత్రపక్షాల దగ్గరకు దూతగా కైరో వెళ్లడానికి గ్లామోచ్ మైదానంలో విమానం ఎక్కుతుండగా, నవంబరు 27న జర్మన్ విమానం వేసిన బాంబులకు బలయ్యాడు. అంటే సభకు రెండు రోజుల ముందు. ఇద్దరు బిడ్డలనూ పోగొట్టుకున్న ఆ తండ్రి నవంబరు 29 రాత్రి ఈ వేదిక మీద అధ్యక్షత వహించి, చివరిదాకా సభను నడిపించాడు. మరుసటి ఏడాది ఆయన భార్యను కూడా జర్మన్లు చంపారు. వేదిక మధ్యలోని ప్రతిమ ముందు కాసేపు నిలిచినవారు, ఈ మనిషి కూర్చున్న చోటు కోసం కూడా కళ్లతో వెతకాలని నా విన్నపం.

ఇక ఆ రాత్రి తీర్మానాల సంగతి. అవ్నోయ్ ఇకపై దేశపు అత్యున్నత శాసన, కార్యనిర్వాహక సంస్థ. దాని కింద యుగోస్లావియా జాతీయ విమోచన కమిటీ తాత్కాలిక ప్రభుత్వంగా పనిచేస్తుంది. దానికి అధ్యక్షుడు టిటో. ప్రవాస ప్రభుత్వానికి చట్టబద్ధ ప్రభుత్వపు హక్కులేవీ ఉండవు. అది విదేశాలలో దేశం పేరిట చేసుకున్న ఒప్పందాలన్నిటినీ తిరిగి పరిశీలిస్తారు. రెండవ పీటర్ స్వదేశానికి తిరిగి రాకూడదు. రాజరికం ఉండాలా వద్దా అన్నది విముక్తి తరువాత ప్రజలు తేలుస్తారు. దేశం సమాఖ్యగా పునర్నిర్మాణమవుతుంది. సెర్బియా, క్రొయేషియా, స్లొవేనియా, మాసిడోనియా, మాంటెనెగ్రో, బోస్నియా హెర్జెగోవినా ప్రజలకు అందులో సమానత్వం ఉంటుంది. టిటోకు మార్షల్ అనే అత్యున్నత సైనిక హోదా ఇవ్వాలన్న ప్రతిపాదన స్లొవేనియా ప్రతినిధుల తరఫున యోసిప్ విద్మార్ అనే సాహిత్య విమర్శకుడి నోట వచ్చింది. వీటిలో సమాఖ్య తీర్మానమే నా దృష్టిలో అన్నిటికన్నా గొప్పది, ఎందుకంటే అప్పటికి రెండేళ్లకు పైగా ఆ దేశంలో పొరుగువారు జాతి పేరుతో, మతం పేరుతో ఒకరినొకరు ఊచకోత కోసుకుంటున్నారు. ఆ నెత్తుటి మధ్య కూర్చుని, ఏ జాతీ మరొకదానికి లోబడి ఉండనవసరం లేదని రాసుకోవడానికి కావలసిన నమ్మకం సామాన్యమైనది కాదు.

ప్రభుత్వ కమిటీ కూర్పు చూస్తే, విశాలంగా కనిపించాలన్న తపన తెలుస్తుంది. విదేశాంగ బాధ్యత ఆడ్రియాటిక్ తీరప్రాంతమైన దల్మేషియాకు చెందిన పాతతరం నాయకుడు యోసిప్ స్మొద్లాకాది. విద్య స్లొవేనియా కవి, క్రైస్తవ సోషలిస్టు ఎద్వార్ద్ కొత్స్‌బెక్‌ది. ఆంతరంగిక వ్యవహారాలు వ్లాదా జెచెవిచ్ అనే ఆర్థడాక్స్ పూజారివి. మండలి ఉపాధ్యక్షులలో ఒకరైన ఆంతున్ అవ్గుస్తించిచ్ శిల్పి. చిత్రకారుడు బోజిదార్ యాకత్స్ కూడా ప్రతినిధిగా వచ్చి, ఈ ఊళ్లోనే టిటో రూపచిత్రం గీశాడు. అయితే అసలు అధికారం కమ్యూనిస్టు పార్టీ చేతిలోనే ఉందన్నది దాచవలసిన విషయం కాదు. 1945 నవంబరు ఎన్నికల పోటీ నుంచి ప్రతిపక్షం తప్పుకుంది. అలా ఏర్పడిన రాజ్యాంగసభ సరిగ్గా నవంబరు 29నే రాజరికాన్ని రద్దుచేసింది. ప్రజలే తేలుస్తారన్న యాయ్‌త్సే మాట నెరవేరింది కానీ, ఆనాడు ఆ మాట విన్నవారందరూ ఆశించిన వెడల్పుతో నెరవేరలేదు. ఈ రెండు నిజాలనూ కలిపి మనసులో ఉంచుకొని ఈ గదిలో నిలబడితేనే దానికి న్యాయం చేసినట్టు.

నేను వెళ్లింది ఒక ప్రైవేటు సంస్థ నడిపే ఒకరోజు యాత్రలో. ఆ ఏర్పాటును మాత్రం ఇతరులకు సిఫారసు చేయలేను. జలపాతం దగ్గరా, భోజనం దగ్గరా ఉదారంగా సమయం ఇచ్చి, మ్యూజియంను త్వరత్వరగా ముగించారు. గైడు చెప్పిన కథలో టిటో తప్ప రెండో పేరు వినబడలేదు. ఒక సభను ఒక్క మనిషి కథగా కుదిస్తే, కాలినడకన వచ్చినవారూ, రాలేకపోయినవారూ, రిబార్ వంటివారూ అందరూ మాయమైపోతారు. బృందంలో ఒకరు బోస్నియా గురించి ఏం తీర్మానించారని అడిగితే, బస్సుకు వేళయిందన్న సమాధానం వచ్చింది. మ్యూజియం చూడాలన్నదే మీ ఉద్దేశమైతే సొంతంగా వెళ్లండి. బాన్యా లూకా నుంచి రోడ్డు దారి సుమారు 70 కిలోమీటర్లు.

ఈ మందిరం మరొక యుద్ధాన్ని కూడా చూసింది. 1992 అక్టోబరులో యాయ్‌త్సే బోస్నియా సెర్బు సైన్యం వశమైంది; 1995 సెప్టెంబరులో క్రొయాట్ సైన్యాలు దానిని పట్టుకున్నాయి. సమానత్వం పేరిట సమాఖ్యను కన్న పట్టణం నుంచి, ఆ సమాఖ్య కూలినప్పుడు జనం జాతులవారీగా తరిమివేతకు గురయ్యారు. మ్యూజియం దోపిడీకి గురై, పాత ప్రదర్శన చాలావరకు పోయింది. 2008లో, సభ జరిగిన 65 ఏళ్లకు, దానిని మళ్లీ తెరిచారు. ఇప్పుడు కనబడే వస్తువులు కొద్దిపాటివే కావడానికి కారణం ఇదే కనుక, ఆ లోటును నిర్వాహకుల నిర్లక్ష్యంగా ఎవరూ లెక్కకట్టకూడదు. దేశం లేకుండా పోయాక, ఆ దేశపు జన్మస్థలాన్ని బాగుచేసి తెరిచి ఉంచుతున్న సిబ్బంది పట్ల నాకు గౌరవం ఉంది.

యుగోస్లావియా రాజచిహ్నం మీద చెక్కిన తేదీ 1943 నవంబరు 29. ఆ దేశం ఉన్నంతకాలం అది గణతంత్ర దినోత్సవం. ఇప్పటికీ ఆ రోజున పాత రిపబ్లిక్కుల నుంచి జనం ఇక్కడికి వస్తారు. ఆ సందడి చూడదలచినవారు ఆ తేదీకే వెళ్లవచ్చు. హాలును నింపాదిగా చూడదలచినవారు మరో రోజు ఎంచుకోవడం మేలు. వెళ్లేముందు తీర్మానాల సారాంశాన్ని ఒకసారి చదువుకోండి, ఎందుకంటే గది ఆ రాత్రి వాతావరణాన్ని చూపగలదు కానీ, తీర్మానాల వెనుక వాదోపవాదాలను వినిపించలేదు. జేబులో కొన్ని కన్వర్టిబుల్ మార్కుల (బోస్నియా కరెన్సీ) నగదు ఉంచుకోండి. సమయం మిగిలితే కోటకు కూడా ఎక్కండి: బోస్నియా చివరి రాజు స్తెపాన్ తొమాషెవిచ్‌ను 1463లో ఒట్టోమన్లు చంపించింది ఈ ఊళ్లోనే. మరో రోజు ఉంటే మ్ర్‌కోన్యిచ్ గ్రాద్‌నూ, ఇంకా వీలైతే బిహాచ్‌నూ చూడండి. మూడు సభల వరుస తెలిసినప్పుడు యాయ్‌త్సే తీర్మానాలు ఎక్కడి నుంచి వచ్చాయో స్పష్టంగా అర్థమవుతుంది.