డీడీయూ-జీకేవై మేలా, ఆర్‌సెటీ మేలా?

నాకు మరదలి వరసయ్యే అమ్మాయి ఉంది. ఇంటర్ మధ్యలో ఆపేసింది, భర్త లేడు, నాలుగేళ్ల బాబు. ఏదైనా పని నేర్పిద్దామని తిరిగితే తేలినవి ఈ రెండే: ఉద్యోగం కోసం శిక్షణ ఇచ్చే డీడీయూ-జీకేవై (దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన), సొంత పని పెట్టుకోవడానికి శిక్షణ ఇచ్చే ఆర్‌సెటీ (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ). రెండూ కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖవే, రెండింట్లోనూ శిక్షణ ఉచితమే, అందుకే ఊళ్లో చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. కాదు.

డీడీయూ-జీకేవై 2014లో మొదలైంది. 15 నుంచి 35 ఏళ్ల వాళ్లకు, ఆడవాళ్లకైతే 45 దాకా. కనీసం మూడు నెలల శిక్షణ, ఆ తర్వాత నెల జీతం ఉద్యోగం. కానీ ఆ ఉద్యోగం ఎక్కువగా సిటీలోనే దొరుకుతుంది, జీతం నెలాఖరుకి వస్తుంది, రూము అడ్వాన్సు మాత్రం మొదటి రోజే కట్టాలి. కొత్తలో కొన్ని నెలలు ఖర్చులకు ప్రభుత్వం కొంత ఇస్తుంది గానీ అది ఖాతాలో పడాలి కదా! మా అమ్మాయికి ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, పాస్‌బుక్కులో వెనకుంది, అంతే, సచివాలయానికీ బ్యాంకుకీ మధ్య జిరాక్సుల కవరు పట్టుకుని ఎన్నిసార్లు తిరిగిందో. ఒకళ్లు ఇంకొకళ్ల దగ్గరికి పొమ్మంటారు. చివరికి దాన్ని సరిచేయించింది మా ఊరి పొదుపు సంఘాల లెక్కలు చూసే వీవోఏ అక్క, ఆమెకి అది డ్యూటీ కూడా కాదు.

ఆర్‌సెటీ దారి వేరు. 1982లో కర్ణాటకలో ధర్మస్థల దగ్గరి ఉజిరెలో మొదలైన పద్ధతి ఇది, ఇప్పుడు జిల్లాల్లో బ్యాంకులే నడుపుతున్నాయి. కుట్టుపని, పాడి, సెల్‌ఫోన్ రిపేరు లాంటివి కొన్ని వారాల్లో నేర్పి, సొంత పని పెట్టుకోమంటారు, రెండేళ్లు వెంట ఉండి చూస్తారు. లోను ఖాయమని మాత్రం ఎవరూ చెప్పరు, పొదుపు సంఘంలో పొదుపు లేని వాళ్లకి పని అక్కడే ఆగిపోతుంది.

నా మాట సూటిగా చెబుతాను. పెళ్లి కాని, ఊరు దాటడానికి ఇంట్లో ఒప్పుకున్న పిల్లలకి డీడీయూ-జీకేవై నయం, కానీ మొదటి జీతం వచ్చేదాకా గడవడానికి చేతిలో కొంత డబ్బు ఉంచి పంపండి. చిన్న పిల్లల తల్లికి ఆర్‌సెటీయే మేలు, శిక్షణ అయ్యాక బిడ్డని వదిలి సిటీకి పోనక్కర్లేదు కాబట్టి. మా అమ్మాయి కుట్టుపనికే వెళ్లింది.

ఏది ఎంచుకున్నా వితంతు పింఛను, కుల ధ్రువీకరణ, బాబుకి అంగన్‌వాడీ, ఇవేవీ ఆ శిక్షణ కేంద్రం చూడదు. అందుకే దరఖాస్తు పెట్టే ముందే మీ సంఘం అక్కని కూర్చోబెట్టి, అన్ని కాగితాల్లోనూ పేరు ఒక్కలాగే ఉందో లేదో చూపించుకోండి.