పరాయి దేశంలో దిగాక ఏది మేలు: యాప్ బండా, మీటరు టాక్సీయా, రైలా?

ఫోన్‌లో ఊబర్ ఉంది కదా, ఎక్కడ దిగినా పని జరిగిపోతుంది అనుకుని బయల్దేరేవాళ్లు చాలామంది. సింగపూర్‌లోనో కౌలాలంపూర్‌లోనో దిగి ఊబర్ తెరిస్తే ఒక్క బండీ కనబడదు. ఆగ్నేయాసియాలో తన వ్యాపారాన్ని ఊబర్ 2018 మార్చిలోనే అక్కడి టాక్సీ యాప్ గ్రాబ్‌కు అమ్మేసింది. ఓలా కూడా బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో నడిపినదాన్ని 2024లో మూసేసింది. ర్యాపిడో మన దేశం దాటనే లేదు.

కాబట్టి ఏ యాప్ మంచిదన్న ప్రశ్నకు ముందు ఏ ఊరు వెళ్తున్నారో చెప్పాలి. కవిటి, సోంపేట వైపు నుంచి పనికి వెళ్లేవాళ్లకు సింగపూర్, దుబాయ్. విజయనగరం, శ్రీకాకుళం నుంచి పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లకు అమెరికా. నాలుగు రోజులు తిరిగొద్దామనుకునేవాళ్లకు మలేసియా, థాయిలాండ్. ఒక్కోచోట ఒక్కోటి నెగ్గుతుంది.

సింగపూర్

ఇక్కడ గ్రాబ్, మీటరు టాక్సీ రెండూ నమ్మదగినవే. తేడా ధర పెరిగే తీరులో ఉంది. గ్రాబ్‌లో ఎక్కకముందే మొత్తం తెలుస్తుంది, కానీ వాన పడినా, ఆఫీసులు వదిలినా ఆ మొత్తం అమాంతం పెరుగుతుంది. టాక్సీ మీటరుకు వానతో పనిలేదు. రద్దీ వేళల్లో 25 శాతం, అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 6 లోపు 50 శాతం అదనంగా పడుతుంది. విమానాశ్రయంలో ఎక్కితే దాని సర్‌ఛార్జీ వేరే. అందుకే అర్ధరాత్రి దాటాక ముందు గ్రాబ్ ధర చూడండి. సాయంత్రం వాన కురుస్తుంటే మాత్రం టాక్సీ స్టాండు వరసలో నిలబడటం మేలు.

చిన్నపిల్లలు వెంట ఉంటే ఆలోచించక్కర్లేదు, టాక్సీయే. 1.35 మీటర్ల కంటే పొట్టిగా ఉన్న పిల్లలకు కారులో చైల్డ్ సీటు ఉండాలన్నది అక్కడి చట్టం. టాక్సీలకు మినహాయింపు ఉంది, గ్రాబ్‌లో తిరిగే ప్రైవేటు కార్లకు లేదు. మామూలు కారు బుక్ చేస్తే, వచ్చిన డ్రైవర్ పాపను చూసి ఎక్కించుకోనంటాడు. తప్పు అతనిది కాదు, జరిమానా అతని మీద పడుతుంది. గ్రాబ్ యాప్‌లోనే టాక్సీ రకాన్ని ఎంచుకోవచ్చు.

ఒక్కరే, ఒక్క పెట్టె, పగటివేళ అయితే ఎంఆర్‌టీ రైలు ఎక్కేయండి. అంతర్జాతీయ వాడకం ఆన్ చేసిన, తాకించి చెల్లించే (కాంటాక్ట్‌లెస్) వీలున్న వీసా, మాస్టర్‌కార్డ్‌ను గేటుకు తాకిస్తే తలుపు తెరుచుకుంటుంది.

ఇంకో మాట. నాలుగు సీట్లంటే నాలుగే. మన షేర్ ఆటోలో డ్రైవర్ పక్కన ఇద్దరు సర్దుకున్నట్టు అక్కడ కుదరదు. అయిదో మనిషి ఉంటే ఆరు సీట్ల బండి ఎంచుకోవాలి.

కౌలాలంపూర్, బ్యాంకాక్

కౌలాలంపూర్ విమానాశ్రయం నుంచి ఊళ్లోని పెద్ద రైల్వే స్టేషన్ కేఎల్ సెంట్రల్‌కు ఎక్స్‌ప్రెస్ రైలు టికెట్ పెద్దవాళ్లకు 55 రింగిట్లు, ప్రయాణం అరగంట. ఒక్కరికి బాగుంటుంది. ఇద్దరైతే 110 అవుతుంది. గ్రాబ్ కారు మామూలు వేళల్లో టోలు కలుపుకున్నా అంతకంటే తక్కువకే, అదీ హోటల్ గుమ్మం దాకా వస్తుంది. ముగ్గురు నలుగురికి ఇక లెక్కే వేయక్కర్లేదు. సాయంత్రం రద్దీలో మాత్రం కారు గంటన్నర తినేయొచ్చు.

బ్యాంకాక్‌లో టాక్సీ మీటరు 35 బాత్‌లతో మొదలవుతుంది. సువర్ణభూమి విమానాశ్రయంలో వరసలో చీటీ తీసుకుని ఎక్కితే మీటరు మీద 50 బాత్‌లు, దారిలో టోలు కూడా మనదే. ఆ వరస మంచిదే. చిక్కల్లా ఊళ్లో, పర్యాటకులు తిరిగేచోట. అక్కడ మీటరు వెయ్యనని నోటిలెక్క చెప్తారు. విజయనగరం గంట స్తంభం దగ్గర ఆటో బేరమాడినట్టు ఆడదామంటే మనకు అసలు ధర తెలియదు కదా. ఊళ్లో యాప్‌దే పైచేయి. గ్రాబ్, బోల్ట్ రెండూ పెట్టుకుని ధర పోల్చండి. మరీ తక్కువ ధర చూపించిన బండి కోసం ఎక్కువసేపు ఎదురుచూడాల్సి రావచ్చు, తొందరుంటే అది వదిలేయండి. నంబరు ప్లేటు మీద అక్షరాలు థాయి లిపిలో ఉంటాయి, అంకెలు మాత్రం మనం చదవగలిగేవే. అంకెలు, కారు రంగు చూసుకుని ఎక్కండి.

దుబాయ్

ఇక్కడ మీటరు టాక్సీ ఎక్కండి. ప్రభుత్వ నియంత్రణలో నడిచేవి, శుభ్రంగా ఉంటాయి. యాప్‌లలో వచ్చే ప్రైవేటు కార్లు వాటికంటే ఖరీదు. విమానాశ్రయంలో మీటరు 25 దిర్హాముల దగ్గర మొదలవుతుంది కనుక సామాను తక్కువుంటే మెట్రో చూడండి, టర్మినల్ 1, 3 లకు స్టేషన్లున్నాయి. టాక్సీలు తిరగని వీధిలో ఉంటే కరీమ్ యాప్‌లో హాలా అన్న రకం ఎంచుకోండి, అదే మీటరు టాక్సీ ఇంటి దగ్గరికి వస్తుంది. కరీమ్‌ను ఊబర్ 2020 జనవరిలో కొనేసినా యాప్‌లు వేర్వేరు. కంపెనీ వ్యాను వస్తుందన్న మాట మీద పనికి వెళ్లేవాళ్లు కూడా ఈ యాప్ పెట్టుకుని వెళ్లడం నయం.

అమెరికా

ఊబర్, లిఫ్ట్ రెండింటికీ ఒకే ఊళ్లో, ఒకే నిమిషంలో ధర తేడా ఉంటుంది. రెండూ చూసి తక్కువదాన్ని పట్టుకోవడమే. ఇంగ్లీషు రాని తల్లిదండ్రులకు ఇంకా సులువైన దారుంది. కొడుకో కూతురో తమ ఫోన్‌లోని ఊబర్‌లో వేరేవాళ్ల కోసం బుక్ చేయవచ్చు. కారు వివరాలు అమ్మానాన్నల ఫోన్‌కు మెసేజ్‌గా వస్తాయి, డబ్బు పిల్లల కార్డు నుంచి పోతుంది.

బండి వచ్చాక రెండు నిమిషాలు దాటితే మామూలు ఊబర్‌లో వెయిటింగ్ డబ్బులు పడతాయి. పెట్టెలు బెల్టు మీద నుంచి చేతికొచ్చి, బయటికి నడిచాకే బుక్ చేయండి.

మ్యాపులో ఎక్కేచోటి గుర్తు (పిన్) ఎక్కడ తప్పుతుంది

విమానాశ్రయాల్లో పోగొట్టుకునే డబ్బు ఎక్కువగా ఇక్కడే. పై అంతస్తులో బయల్దేరేవాళ్లు, కింది అంతస్తులో వచ్చేవాళ్లు. జీపీఎస్‌కు అంతస్తు తెలియదు. డ్రైవర్ పైన, మనం కింద, ఆఖరికి రద్దు రుసుము మన కార్డు మీద. మ్యాపు మీద వేలు పెట్టి పిన్ జరపకుండా, యాప్ చూపించే టెర్మినల్ పేరు, తలుపు నంబరు జాబితాలోంచి ఎంచుకుని, ఆ తలుపు దగ్గరే నిలబడండి. లాస్ ఏంజెలెస్‌లో అయితే చాలా టెర్మినళ్ల ముందు యాప్ కార్లు ఎక్కనివ్వరు, వేరే స్థలానికి షటిల్ బస్సులో పంపుతారు.

దుబాయ్, అమెరికాల్లో బళ్లు కుడివైపు నడుస్తాయి. మన అలవాటులో రోడ్డుకు అవతలి పక్కన నిలబడితే డ్రైవర్ ఎక్కడో తిరిగి రావాలి. అలాగే మన దేశంలో ఎక్కేటప్పుడు చెప్పే నాలుగంకెల నంబరు చాలాచోట్ల తనంతట తాను రాదు. ఊబర్‌లో భద్రత సెట్టింగుల్లో ఆ నంబరు వచ్చేలా పిన్ ధ్రువీకరణ ఆన్ చేసుకోవచ్చు. లేదంటే ప్లేటు చూసి, డ్రైవరే మన పేరు చెప్పాక ఎక్కాలి.

బయల్దేరే ముందు ఇంటి దగ్గర

యూపీఐ నమ్ముకుని వెళ్లొద్దు. మన ఊళ్లో నగదుతోనో యూపీఐతోనో ఊబర్ వాడేవాళ్లు కార్డు జోడించకుండానే విమానం ఎక్కేస్తారు. ఓటీపీలు రెండూ, అంటే యాప్‌దీ, బ్యాంకుదీ, మన సిమ్‌కే వస్తాయి. కాబట్టి యాప్ ఖాతా తెరవడం, కార్డు జోడించడం ఇక్కడే ముగించండి. బ్యాంకు యాప్‌లో కార్డుకు అంతర్జాతీయ వాడకం, ఆన్‌లైన్ వాడకం రెండు మీటలూ ఆన్ చేయాలి, పరిమితి తక్కువ పెట్టుకోవాలి. ఎందుకంటే బయటి దేశాల్లో చాలాసార్లు ఓటీపీ అడగకుండానే డబ్బు పోతుంది. రూపే కార్డు చాలా విదేశీ యాప్‌లు తీసుకోవు.

విదేశీ డబ్బు మార్పిడికి 3.5 శాతం రుసుము వేసే కార్డయితే, 1,000 రూపాయల ప్రయాణానికి 35 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 41 రూపాయల 30 పైసలు అదనం. రూపాయల్లో చెల్లిస్తారా అని అడిగితే వద్దని, అక్కడి డబ్బులోనే కట్టండి. యాప్ ముందు కొంత మొత్తం పట్టి ఉంచి, తర్వాత అసలు ఛార్జీ తీసుకోవచ్చు. బ్యాంకు నుంచి రెండు మెసేజ్‌లు చూసి రెండుసార్లు కట్ అయిందని కంగారు పడొద్దు, మొదటిది వెనక్కి వస్తుంది. డెబిట్ కార్డయితే కొన్ని రోజులు పట్టవచ్చు, ఖాతాలో ఆ మేరకు మిగులు ఉంచుకోండి.

విమానాశ్రయంలో ఉచిత వైఫై తలుపు దాటగానే తెగిపోతుంది, బుక్ చేసిన బండి ఎక్కడుందో కూడా కనబడదు. రోమింగ్ ప్యాకో, ఈసిమ్మో (చిప్పు లేకుండా ఫోన్‌లోకి దించుకునే సిమ్) ముందే వేసుకోండి. అక్కడి సిమ్ కొన్నా మన సిమ్ తీసి పారేయకుండా రెండో స్లాటులో ఉంచండి. గ్రాబ్‌లో నగదు ఎంచుకునే వీలు కూడా ఉంటుంది, అందుకు చిల్లర నోట్లు పెట్టుకోవాలి. పెద్ద నోటిస్తే డ్రైవర్ దగ్గర చిల్లర ఉండకపోవచ్చు.